కేకుల కోసం కోపెన్‌హాగెన్, ఓస్లో, స్టాక్‌హోమ్: అమ్మతో 12 రోజులు

ముందే చెప్పేస్తాను. కేకుల మీద ఇష్టంతో డెన్మార్క్, నార్వే, స్వీడన్ వెళ్దామనుకుంటే మే 17కి, అంటే నార్వే జాతీయ దినానికి, ఓస్లోలో ఉండేలా టికెట్లు తీసుకోండి, మిగతా రెండు ఊళ్లూ దాని చుట్టూ సర్దుకోండి. కిందటి మే నెలలో నేనూ అమ్మా 12 రోజులు తిరిగాం. నేను హైదరాబాద్‌లో ఇంట్లోనే పుట్టినరోజు కేకులు చేసి ఇస్తుంటాను. అమ్మది విజయవాడ, పిండివంటల్లో ఆవిడ చెయ్యి పడితే చాలు, కానీ గుడ్డు ముట్టదు. కేకుల కోసం వెళ్తూ గుడ్డు తినని మనిషిని వెంటబెట్టుకోవడమేంటని చుట్టాలు అడిగారు. చెల్లి ఓస్లోలో ఉంటోంది, అమ్మ దాన్ని చూసి రెండేళ్లు దాటింది, ఇంక వేరే కారణం అక్కర్లేదు కదా. అమ్మ అక్కడ ఏం తినగలిగిందో కూడా రాస్తాను, ఎందుకంటే మన ఇళ్లలో చాలామంది పెద్దవాళ్లకి అదే అసలు సమస్య.

కోపెన్‌హాగెన్‌లో మూడు రాత్రులు ఉన్నాం. బస దగ్గరే దెబ్బతిన్నాం. అద్దెకి తీసుకున్న అపార్ట్‌మెంట్‌లో ఓవెన్ ఉందని రాశారు, హోటల్ వద్దనుకుని అక్కడ దిగిందే దానికోసం. తీరా చూస్తే ఉన్నది మైక్రోవేవ్ ఒక్కటే. అడిగితే రెండూ ఒకటే అన్నట్టు మాట్లాడారు, డబ్బు వెనక్కి ఇవ్వలేదు. కాబట్టి మీరు బుక్ చేసేముందు ఓవెన్ తలుపు తీసి, లోపల ట్రే కనిపించేలా ఫోటో పంపమని అడగండి. వంట చేసుకోనివాళ్లయితే ఈ గొడవే లేదు, స్టేషన్ దగ్గర ఏదైనా హోటల్ చాలు.

ఊళ్లో మాత్రం లా గ్లాస్‌కి వెళ్లాల్సిందే. 1870 నుంచి నడుస్తున్న కేకుల దుకాణం అది, స్కౌబోగేడ్ అనే చిన్న వీధిలో ఉంటుంది. వాళ్ల స్పోర్ట్స్ కేకు 1891లో ఒక నాటకం కోసం పుట్టింది, ఇప్పటికీ అదే పేరు. అడుగున బాదం, తెల్లసొనలతో చేసిన పల్చటి పొర, దాని మీద దండిగా క్రీమ్, ఆ క్రీమ్‌లో నూగట్ పలుకులు, అంటే మన చిక్కీని దంచి కలిపినట్టు ఉంటాయి, పైన పంచదార పాకంలో ముంచిన చిన్న బన్నుల్లాంటివి. అంత క్రీమ్ ఉన్నా వెగటు కొట్టలేదు, ఎందుకంటే క్రీమ్‌లో తీపి దాదాపు లేదు, తీపంతా ఆ పలుకుల్లోనే. నేను నేర్చుకున్న మొదటి విషయం ఇదే: మనం ఇక్కడ క్రీమ్‌లోనూ పంచదార, స్పాంజిలోనూ పంచదార, పైనా పంచదార వేస్తాం, వాళ్లు ఒక్కచోటే వేస్తారు. ముక్క ధర మన డబ్బుల్లో వెయ్యికి అటూ ఇటూ అవుతుంది. ఒక ముక్క, రెండు చెంచాలు అడగండి. శనివారం వెళ్లకండి, వరుసలో నలభై నిమిషాలు నిలబడ్డాం, అమ్మకి కాళ్లు లాగేశాయి.

అక్కడినుంచి ఓస్లోకి రాత్రి ఓడ. మధ్యాహ్నం ఎక్కితే మర్నాడు పొద్దున దిగొచ్చు, ఒక రాత్రి హోటల్ ఖర్చు మిగులుతుంది. కిటికీ ఉన్న గదే తీసుకోండి, తేడా డబ్బు దండగ కాదు, పొద్దున్నే ఫియర్డ్‌లోకి, అంటే కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలోకి, ఓడ వెళ్తుంటే రెండువైపులా కొండలూ చిన్న చిన్న చెక్క ఇళ్లూ, అమ్మ గంటసేపు కిటికీ దగ్గరనుంచి కదల్లేదు. ఓడలో భోజనం మాకు పెద్దగా నచ్చలేదు, శాకాహారం అంటే బంగాళదుంపలూ ఆకులూ. మేం తీసుకెళ్లిన పులిహోర కాపాడింది.

ఇక ఓస్లో. 1814లో ఐడ్స్‌వోల్ అనే ఊళ్లో నార్వే రాజ్యాంగం మీద సంతకాలు జరిగిన రోజు మే 17. సైనిక కవాతు ఉండదు, బడిపిల్లలు జెండాలు పట్టుకుని కార్ల్ యోహాన్ వీధి మీదుగా రాజభవనం ముందునుంచి నడుస్తారు, పైన బాల్కనీలోంచి రాజకుటుంబం చేతులూపుతుంది. చాలామంది బూనాద్ అనే సంప్రదాయ దుస్తుల్లో ఉంటారు, ఒక్కో ప్రాంతానిది ఒక్కో కుట్టుపని. ఆ రోజుకి ఇంటింటా ఉండేది క్రాన్సెకాకె. వలయాల కేకు అనుకోండి, మామూలుగా 18 వలయాలు, అడుగున పెద్దది, పైకి పోయేకొద్దీ చిన్నవి, గోపురంలా నిలబడుతుంది, చుట్టూ చిన్న చిన్న కాగితం జెండాలు. పెళ్లిళ్లకీ క్రిస్మస్‌కీ కూడా ఇదే. డెన్మార్క్‌లోనూ ఉంది, అక్కడ డిసెంబర్ 31 అర్ధరాత్రి తింటారు.

ఒకటి ముందే బేకరీలో ఆర్డర్ ఇచ్చాం. చూడ్డానికి బాగుంది, కానీ కొరికితే గట్టిగా, పొడిగా ఉంది, పళ్లకి పని తప్ప రుచి తెలియలేదు. ఆ మాట చెల్లి వాళ్ల పక్కింటి పెద్దావిడతో అంటే, సాయంత్రం బాదం పట్టుకుని రండి, నేనే చేయిస్తాను అంది. ఈ యాత్ర మొత్తంలో నాకు దొరికిన అసలు పాఠం ఆవిడ వంటింట్లోనే.

అరకిలో బాదం, అరకిలో పొడి పంచదార, మూడు నాలుగు తెల్లసొనలు, అంతే. మైదా లేదు, వెన్న లేదు. బాదంలో సగం తొక్క తీసినవి, సగం తొక్కతో ఉన్నవి, రంగూ రుచీ రెండూ అందులోంచే వస్తాయంది. కలిపిన ముద్దని రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, మర్నాడు వేలంత లావు తాళ్లలా చేసి అచ్చుల్లో పెట్టాలి. అచ్చులు ఆరు, ఒక్కోదాంట్లో మూడు వలయాలు. నెయ్యి రాసినట్టు వెన్న రాసి, పైన రవ్వ చల్లింది. అవును, మన బొంబాయి రవ్వే! అంటుకోకుండా ఉండటానికి. అమ్మ ముఖం వెలిగిపోయింది, ఉప్మా రవ్వ ఇక్కడ కూడా ఉందా అని. నా మొదటి అచ్చులో తాళ్లు మరీ లావైపోయి మూడు వలయాలూ ఒకదానికొకటి అతుక్కున్నాయి, ఆవిడ కత్తితో విడదీసి, పక్కన పెట్టి, రెండోదానికి నా వేళ్ల మీద తన వేళ్లు వేసి చూపించింది. 200 డిగ్రీల్లో పది నిమిషాలు, అంతకుమించి వద్దు. పైన లేత బంగారు రంగు రాగానే తీసేయాలి, లోపల ఇంకా మెత్తగా ఉన్నట్టే అనిపిస్తుంది. చల్లారాక మూత గట్టి డబ్బాలో రెండు రోజులు ఉంచితే పైన పెళుసుగా, లోపల సాగేలా తయారవుతుంది. బేకరీవాళ్లది ఎందుకు అలా ఉందో అప్పుడు అర్థమైంది, ఎక్కువసేపు కాల్చేసి ఉంటారు. తినేటప్పుడు గోపురం పైనుంచి విరగ్గొట్టరు, పైభాగాన్ని ఎత్తి పట్టుకుని అడుగు వలయం తీసి ముక్కలు చేస్తారు, కింద నుంచి తీస్తున్నకొద్దీ గోపురం చిన్నదవుతుంది కానీ గోపురంగానే ఉంటుంది.

అమ్మ తెల్లసొన వల్ల అది తినలేదు. ఆవిడకోసం పెద్దావిడ రొమ్మెగ్రొట్ చేసింది, పులిసిన మీగడతో చేసే జావ, పండగ రోజుల వంటకం. మీగడ మరిగించి కాస్త పిండి వేస్తే వెన్న పైకి తేలుతుంది, దాన్ని గరిటెతో తీసి పక్కన పెట్టి, పాలు పోసి చిక్కబడ్డాక మళ్లీ ఆ వెన్నే పైన పోసి, పంచదార, దాల్చినచెక్క పొడి చల్లి ఇచ్చింది. గుడ్డు లేదు. బయట తింటే పక్కన ఎండబెట్టిన మాంసం పెడతారు, వద్దని ముందే చెప్పండి. అమ్మ రెండో గిన్నె అడిగి తింది.

ఇంకో రోజు పాత సామాన్ల దుకాణంలో క్రాన్సెకాకె అచ్చుల కోసం వెతుకుతుంటే అమ్మ ఒక ఇనుప కడ్డీ పట్టుకుని, "ఇదేంటే, మన గులాబీ పూల అచ్చే కదా!" అంది. అచ్చంగా అదే. వేడి నూనెలో కాల్చి, పిండిలో ముంచి, మళ్లీ నూనెలో వదలడమే, వాళ్లు క్రిస్మస్‌కి రోసెట్‌బాకెల్స్ అని చేసుకుంటారు. అమ్మ ఆ సాయంత్రమే బియ్యప్పిండి, మైదా, నువ్వులతో, గుడ్డు లేకుండా, మన పద్ధతిలో చేసి పెద్దావిడకి పళ్లెం నిండా పంపింది. భాష లేదు ఇద్దరికీ. ఆవిడ ఒకటి కొరికి, అమ్మ చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు.

ఓస్లోలో హోటళ్లు మే 17 చుట్టుపక్కల బాగా ఖరీదు, చుట్టాలు లేనివాళ్లు చాలా ముందే చూసుకోవాలి. ఆ రోజు సరుకుల దుకాణాలు చాలావరకు మూసేస్తారు, పాలూ పెరుగూ ముందురోజే తెచ్చుకోండి. మామూలు రోజుల్లో ఏ కెఫేలో కనపడినా క్వెఫ్యోర్డ్ కేకు తినండి, స్పాంజి మీదే మెరాంగ్ (పంచదార వేసి గిలక్కొట్టిన తెల్లసొన నురగ), బాదం ముక్కలు పెట్టి కలిపి కాల్చి, మధ్యలో వెనిలా కస్టర్డ్ నింపుతారు. 2002లో రేడియో శ్రోతలు దేశపు కేకుగా ఎన్నుకున్నది అదే. నాకు మూడు దేశాల్లోనూ కెఫేలో కొనుక్కున్నవాటిలో అదే మొదటిది.

స్టాక్‌హోమ్‌కి రైల్లో వెళ్లాం, ఐదారు గంటలు, హాయిగా. హోటల్‌లో దిగాం, పొద్దున టిఫిన్ బాగా పెట్టారు, ఓట్స్ జావ, పళ్లు, రొట్టెలు, అమ్మకి ఇబ్బంది కాలేదు. కుంగ్స్‌గాటన్‌లోని వేటే కట్టెన్ 1928 నాటి దుకాణం, గదిలోంచి గదిలోకి వెళ్లేలా ఉంటుంది, లోపలి గదుల్లో నిశ్శబ్దంగా కూర్చోవచ్చు. అక్కడ తినాల్సింది ప్రిన్సెస్ కేకు. పచ్చ మార్జిపాన్ (బాదం, పంచదార కలిపిన ముద్ద) దుప్పటి, మీద గులాబీ, లోపల స్పాంజి, కస్టర్డ్, క్రీమ్, రాస్ప్‌బెర్రీ జామ్. రాజకుటుంబంలోని ముగ్గురు ఆడపిల్లలకి వంట నేర్పిన యెన్నీ ఓకర్‌స్ట్రోమ్ చేసింది, మొదట్లో దాని పేరు ఉత్త పచ్చ కేకు. మన దగ్గర పంచదార ముద్దని పొరలా పరిచి చేసే ఫాండెంట్ కేకులకీ దీనికీ పోలికే లేదు, మార్జిపాన్ పల్చగా ఉంటుంది, బాదం రుచి తెలుస్తుంది.

శాకాహారులకి ఒక్క జాగ్రత్త. గుడ్డు, పాలు, బాదం ఉంటే అలర్జీ జాబితాలో చూపిస్తారు, కానీ జంతువుల ఎముకలూ చర్మం నుంచి తీసే జెలటిన్ ఆ జాబితాలో రాదు, కస్టర్డ్‌లలో, క్రీమ్‌లలో తరచూ వేస్తారు. మీరే అడగాలి. డెన్మార్క్‌లో దాన్ని హుస్‌బ్లాస్ అంటారు, ఆ మాట రాసిపెట్టుకోండి. స్వీడన్‌వాళ్ల సెమ్లా అనే క్రీమ్ బన్నుల కోసం మేలో తిరగకండి, అవి చలికాలం చివర్లో, ఈస్టర్‌కి ముందు క్రైస్తవులు చేసే ఉపవాసాల ముందు వచ్చేవి. కుంకుమపువ్వు బన్నులు డిసెంబర్ 13న జరిగే లూసియా పండగవి. వాటికోసం వేరే ప్రయాణం పెట్టుకోవాలి, నేను పెట్టుకుంటాను.

తిరుగు ప్రయాణంలో ఆరు అచ్చులూ ఇనుప కడ్డీ చీరల మధ్య చుట్టి పెద్ద సూట్‌కేసులో పెట్టేశాం, కడ్డీని చేతి సంచిలో పెడితే విమానాశ్రయంలో ఆపేస్తారేమోనని చెల్లి భయం. అచ్చులు నా దగ్గర ఉన్నాయి. కడ్డీ అమ్మ ఇవ్వనంది, విజయవాడ తీసుకెళ్లిపోయింది.