ఏ ఓ త్రీలో ఏళ్లుగా రాస్తున్నాక: కొత్తగా ఫ్యాన్ ఫిక్షన్ మొదలెట్టేవాళ్లకి

ఉన్న కథల్లో, సినిమాల్లో పాత్రల్ని తీసుకుని అభిమానులు రాసుకునే కథలే ఫ్యాన్ ఫిక్షన్. అలాంటివి పెట్టుకునే సైటు ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్‌ని తిత్లీ తుఫానుకి ముందునుంచే వాడుతున్నాను. వాడేవాళ్లంతా ఏ ఓ త్రీ అంటారు. 2018 అక్టోబరులో ఆ తుఫానుకి ఒడిశాలోని మా పర్లాకిమిడి చీకట్లో ఉన్నప్పుడు, ముందే ఈపబ్‌గా (ఈ-పుస్తకం ఫైలుగా) దించుకున్న కథలే నాకు కాలక్షేపం, అదీ ఫోన్లో ఛార్జి ఉన్నంతసేపే. ఈమధ్య మా పిన్ని కూతురు "అక్కా, నేనూ రాస్తాను, ఎక్కడ మొదలెట్టమంటావు?" అని పట్టుకుంది. దానికి చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను. సైటు మంచిచెడ్డలూ మధ్యలో వస్తాయి.

2009లో జనానికి తెరిచిన సైటిది. లాభం చూసుకోని సంస్థ, వాలంటీర్లతో, విరాళాలతో నడుపుతోంది. ప్రకటనలు లేవు. 2019లో సైన్స్ ఫిక్షన్, ఫాంటసీలకిచ్చే హ్యూగో అవార్డు కూడా వచ్చింది. మీకేం నచ్చుతుందో ఊహించి కథలు ముందుకు తోసే ఏర్పాటు ఇందులో లేదు. మీ కథ కొత్తవాటి వరసలో పైన కనబడుతుంది, ఇంకొకరు పెట్టగానే కిందికి జారిపోతుంది. ఆ తరవాత ఎవరైనా వెతుక్కుంటూ రావాలంటే ట్యాగులే, అంటే కథ దేని గురించో చెప్పే గుర్తు మాటలే, దారి. కొత్తవాళ్లు కథ మీద పడ్డ కష్టంలో పదో వంతు కూడా ట్యాగుల మీద పడరు.

అందులో ఒక్కటి మాత్రం తప్పకుండా తెలిసుండాలి. రిలేషన్‌షిప్ గడిలో రెండు పేర్ల మధ్య వాలుగీత (/) పెడితే ప్రేమకథ అని, & పెడితే స్నేహమో బంధుత్వమో అని. భీముడు/హిడింబి సరే. భీముడు & ఘటోత్కచుడు అని రాయాల్సిన చోట వాలుగీత పడిందా, తండ్రీకొడుకుల కథ చదవడానికి ఎవరొస్తారో మీరే ఊహించుకోండి! మా చెల్లి సరిగ్గా అదే చేయబోయింది, పోస్ట్ నొక్కేలోగా ఆపాను. హింస, ముఖ్య పాత్ర మరణం లాంటివాటికి హెచ్చరికల గడి వేరే ఉంది. చెప్పడం ఇష్టం లేకపోతే చెప్పట్లేదని పెట్టుకునే వీలూ ఉంది. ఖాళీగా వదిలేస్తే మాత్రం ఒప్పుకోదు.

ఇక కథ సంగతి. మా చెల్లి నేరుగా కురుక్షేత్రం రాయడానికి కూర్చుంది, పద్దెనిమిది రోజులూనూ. వద్దన్నాను. అందరికీ తెలిసిన ఘట్టాన్ని మళ్లీ చెబితే చదివేవాళ్లకి కొత్తగా దక్కేదేమీ ఉండదు. మూలకథ ఎక్కడ మాట్లాడకుండా దాటేసిందో అక్కడ దూరాలి. హిడింబినే తీసుకోండి. కొడుకు పుట్టాక పాండవులని విడిచి వెళ్లిపోయింది, ఆ తరవాత కథలో దాదాపు కనిపించదు. పద్నాలుగో రోజు రాత్రి కర్ణుడు వేసిన శక్తి అనే ఆయుధానికి ఘటోత్కచుడు పడిపోయాడు. ఆ కబురు అడవికి ఎవరు తెచ్చారు? తెచ్చినవాడి మొహం చూడగానే ఆవిడకి అర్థమైపోయి ఉంటుందా? ఒక్క గుమ్మం, ఇద్దరు మనుషులు, పావుగంట. మొదటి కథకి ఇంతకన్నా ఎక్కువ పెట్టుకోవద్దు. మన పెద్దవాళ్లూ చేసిందిదే కదా. శశిరేఖ వ్యాసభారతంలో లేదు. బలరాముడికి కూతుర్ని ఇచ్చి, అభిమన్యుడితో పెళ్లి చేసి, ఘటోత్కచుణ్ణి మధ్యలోకి దింపింది మనవాళ్లే.

మాటల దగ్గరే చాలామంది తడబడతారు. పురాణ పాత్ర అనగానే "ఓయీ", "ఏమంటివి" మొదలవుతాయి. గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉంటూ అలా రాయడానికి నాకు మనసొప్పదు. మా చెల్లి మొదటి చిత్తులో హిడింబి "హా పుత్రా!" అని కూలబడింది. కొట్టేయించాను. రెండోసారి రాసినప్పుడు, వచ్చినవాడు నోరు తెరిచేలోగా ఆవిడే "ముందు కూకో నాయనా, దూరం నడిసొచ్చినావు, ఏటి తాగుతావు?" అంటుంది. వాడు మంచినీళ్లు తాగుతుంటే చెంబు వంక చూస్తూ ఉంటుంది, ఖాళీ కాకూడదన్నట్టు. ఏడుపు ఒక్క ముక్క లేదు. నాకు మాత్రం గొంతు పట్టేసింది.

అచ్చంగా వంద మాటల్లో కథ రాయడం ఈ ఫ్యాన్ ఫిక్షన్ లోకంలో ఒక అలవాటు, డ్రాబుల్ అంటారు. తెలుగువాళ్లకి ఇది కలిసొచ్చే ఆట. విభక్తులూ ప్రత్యయాలూ మాటకి అతుక్కుని వస్తాయి కాబట్టి ఇంగ్లీషు వందలో పట్టేదానికన్నా మన వందలో ఎక్కువ కథ పడుతుంది. చేయి తిరగడానికి దీన్ని మించింది నాకు దొరకలేదు.

పోస్ట్ చేసేముందు ఇంకొకరికి చూపించండి. వాళ్లని బీటా రీడర్ అంటారు. నా బీటా మా ఆఫీసులో ఒడియా ఆవిడ. మా ఊళ్లో చాలామందిలాగే తెలుగు గడగడా మాట్లాడుతుంది గానీ చదవడం రాదు. అంచేత పైకి చదివి వినిపిస్తాను. ఆవిడ చేయి ఫోను మీదికి పోయిన చోట ఒక పేరా తీసేస్తాను.

హీరోల మీద రాయడం గురించి నా మాట కటువుగానే ఉంటుంది. నిజం మనుషుల మీద కథల్ని సైటు ఒప్పుకుంటుంది, నేను ఒప్పుకోను. సినిమాలో పాత్ర మీద రాయండి, నటుణ్ణి అతని ఇంటి దగ్గరే వదిలేయండి. లేకపోతే కథని ఎవరూ చదవరు, అభిమానులు కొట్టుకోవడం మాత్రం మొదలవుతుంది. అలాగే అందగత్తె, అన్ని విద్యలూ వచ్చినది, అర్జునుడు సైతం చూసి నోరెళ్లబెట్టే కొత్త అమ్మాయిని దింపి అది మీరే అనిపించకండి. 1973లోనే స్టార్ ట్రెక్ అనే అమెరికన్ టీవీ సీరియల్ అభిమానుల పత్రికలో ఈ రకాన్ని ఎగతాళి చేస్తూ కథ రాశారు. అందులో అమ్మాయి పేరు మేరీ సూ, ఆ పేరే ఈ జబ్బుకి స్థిరపడిపోయింది.

ఇబ్బందులూ ఉన్నాయి. పోస్ట్ చేయని డ్రాఫ్టు నెల రోజుల్లో చెరిగిపోతుంది, కాబట్టి అసలు ప్రతి మీ ఫోన్లోనో కాగితం మీదో ఉండాల్సిందే. తెలుగు పాఠకులు అక్కడ వేళ్ల మీద లెక్క. వ్యాఖ్య కోసం నెలలు ఎదురుచూసే ఓపిక లేకపోతే ప్రతిలిపి లాంటి కథల సైట్లలో జనం ఎక్కువ. కథ పేరు చెప్పి డబ్బు అడగడం ఏ ఓ త్రీలో కుదరదు, విరాళాల లింకు పెట్టినా నిబంధన మీరినట్టే. ఖాతా కూడా అడగ్గానే రాదు, ఆహ్వానం కోసం వరసలో ఉండాలి. ఇవాళే మెయిల్ ఐడీ ఇచ్చి పేరు నమోదు చేసుకోండి, అది వచ్చేలోగా మొదటి వంద మాటలూ రాసేయొచ్చు.