అమ్మ ఇన్సులిన్ కోసం కొన్న నీళ్ల పౌచ్: రెండు వేసవులు వాడాక

పోయినేడు మే నెలలో, అప్పటిదాకా 130 దగ్గర ఉండే అమ్మ పరగడుపు షుగర్ కాస్తా 210, 230 చూపించడం మొదలుపెట్టింది. ఇంట్లో అందరం ఆమె మీదే పడ్డాం, మాకు తెలియకుండా మామిడిపళ్లు తింటున్నావని. "ఒక్క ముక్క తప్ప ముట్టలేదురా" అని అంటూనే ఉంది, మేం నమ్మలేదు. తీరా చూస్తే తేడా అమ్మ సూది వేసుకునే ఇన్సులిన్ పెన్‌లో ఉంది. వాడుతున్న పెన్ ఫ్రిజ్ బయట పెట్టొచ్చు గానీ వేడి 30 డిగ్రీలు దాటకూడదు, నాలుగు వారాలు మించకూడదు. కొత్తగూడెం ఎండల్లో మా గదిలోనే మధ్యాహ్నం 38 ఉంటుంది. లోపల మందు నీళ్లలా తేటగానే ఉంది, పని మాత్రం చేయలేదు. కొత్త పెన్ పెట్టాక నాలుగు రోజుల్లో అంకెలు దిగాయి. అమ్మను అన్న మాటలు తలచుకుంటే ఇప్పటికీ బాధే.

అప్పుడు ఆన్‌లైన్‌లో కొన్నాను ఈ పౌచ్. లోపలి గుడ్డ సంచిలో పలుకులుంటాయి, పది నిమిషాలు నీళ్లలో వేస్తే సబ్జా గింజల్లా ఉబ్బుతాయి. పైన తడి తుడిచి పెన్ లోపల పెట్టడమే, ఐస్ అక్కర్లేదు. కుండలో నీళ్లు చల్లబడినట్టే నీరు ఆరుతూ చల్లబరుస్తుంది కాబట్టి గాలి తగలాలి. ప్లాస్టిక్ కవర్‌లో చుట్టేస్తే లాభం లేదు. మా పొడి ఎండలకు చాలా బాగా పనిచేసింది. ఆగస్టులో కాకినాడ తీసుకెళ్తే అక్కడి ఉక్కకు నీరు ఆరక అంత చల్లగా లేదు, సముద్రం పక్క ఊళ్ల వాళ్లు ఇది చూసుకుని కొనండి.

చలికాలంలో పౌచ్ ఆరబెట్టి దాచేశాం. అప్పుడు వేరే ఇబ్బంది. పొగమంచుకు అమ్మ వాకింగ్ మానేసింది, సంక్రాంతి అరిసెలు సరేసరి, చలికి ఎలాగూ చాలామందికి షుగర్ కొంచెం ఎక్కువే ఉంటుంది. డాక్టర్ గారు ఇన్సులిన్ డోస్ రెండు యూనిట్లు పెంచారు. ఎండలు ముదిరాక ఆ డోస్ గురించి డాక్టర్ గారిని మళ్లీ అడగాలన్న ఆలోచన మాకు రాలేదు. వేడికి చర్మం కింద రక్తం బాగా ఆడి ఇన్సులిన్ త్వరగా ఒంట్లోకి చేరుతుందట, సూది వేసుకున్న వెంటనే వేణ్నీళ్ల స్నానం చేసినా అంతే. ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం అమ్మ నన్ను తమ్ముడి పేరుతో పిలిచింది. చెమట లేదు, వణుకు లేదు. అనుమానమొచ్చి చూస్తే 62. మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకు మళ్లీ చూస్తే గానీ నా టెన్షన్ తగ్గలేదు. పెద్దవాళ్లలో లో షుగర్ ఇలా మాట తడబాటుగానే బయటపడొచ్చు, దయచేసి గుర్తుపెట్టుకోండి. మర్నాడే డాక్టర్ గారిని కలిస్తే డోస్ తగ్గించారు.

పౌచ్‌కు నేను చెప్పే లోపాలు రెండే. తడిగా మడిచి పెడితే వాసన పట్టేస్తుంది. రెండు పెన్నులు పడతాయి గానీ సూదులకు చోటు లేదు, వాటికి అమ్మ పాత పసుపు డబ్బా కడిగి వాడుతోంది.