ప్రెటియర్ సమీక్ష: లోతైన కోడ్ బ్లాకులకు నమ్మదగిన ఇండెంటేషన్

జావాస్క్రిప్ట్, టైప్‌స్క్రిప్ట్, హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్‌లతో రోజూ పనిచేసేవారికి ప్రెటియర్ కొత్త పేరేమీ కాదు. 2017 జనవరిలో జేమ్స్ లాంగ్ విడుదల చేసిన ఈ ఉచిత ఫార్మాటర్‌ను (కోడ్‌ను ఒకే శైలిలోకి మార్చే సాధనాన్ని) కోడ్ చక్కగా కనబడడం కోసమూ, కామాలూ కొటేషన్ గుర్తులూ ఎలా ఉండాలన్న వాదనలు తప్పించుకోవడం కోసమూ ఎక్కువమంది వాడుతున్నారు. అవి నిజమైన ప్రయోజనాలే. అయితే నేను దీనికి ఎక్కువ విలువ ఇచ్చేది మరో కారణంతో: ఒకదానిలో ఒకటి ఇమిడిన బ్లాకులతో (ఒక షరతు కిందో లూప్ కిందో కలిసి నడిచే లైన్ల గుంపులతో) నిండిన ఫైలులో ఏ స్టేట్‌మెంట్ ఏ బ్లాకుకు చెందుతుందో ఎడమ అంచును చూసి నమ్మవచ్చు. ఈ సమీక్ష ఆ కోణానికే పరిమితం.

చేత్తో పెట్టిన ఇండెంటేషన్, అంటే లైను మొదట్లో వదిలే ఖాళీ, రాసినవారి ఉద్దేశాన్ని తెలుపుతుంది. సీ, జావాస్క్రిప్ట్ వంటి భాషల్లో కంపైలర్‌కు ఆ ఉద్దేశంతో పనిలేదు. అది బ్రాకెట్లనూ సెమికోలన్లనూ మాత్రమే లెక్కలోకి తీసుకుంటుంది. ఈ రెండింటికీ పొంతన లేకపోతే ఎంత ముప్పో 2014 ఫిబ్రవరిలో ఆపిల్ సరిదిద్దిన భద్రతా లోపం చూపించింది. సురక్షిత కనెక్షన్లను తనిఖీ చేసే సీ కోడ్‌లో కర్లీ బ్రాకెట్లు లేని ఒక ఇఫ్ (షరతు) కింద ‘గోటు ఫెయిల్’ అనే లైను పొరపాటున రెండుసార్లు పడింది. రెండూ ఒకే ఇండెంటేషన్‌లో ఉన్నందున రెండూ ఆ ఇఫ్‌కే చెందినట్టు కంటికి కనిపిస్తుంది. బ్రాకెట్లు లేని ఇఫ్‌కు దాని వెంటనే వచ్చే ఒక్క స్టేట్‌మెంటే చెందుతుంది కాబట్టి, నిజానికి రెండోది ఏ షరతూ లేకుండా ప్రతిసారీ నడిచి, ఆ తరువాత జరగవలసిన సంతకం తనిఖీని దాటవేసింది. 2016లో వచ్చిన జీసీసీ 6 అనే కంపైలర్ ఇలా తప్పుదోవ పట్టించే ఇండెంటేషన్‌ను గుర్తించి హెచ్చరించడం మొదలుపెట్టింది.

ప్రెటియర్ సీ భాషను ముట్టుకోదు, అక్కడ ఆ పని క్లాంగ్-ఫార్మాట్ అనే మరో ఫార్మాటర్‌ది. కానీ ఇదే పొరపాటును జావాస్క్రిప్ట్‌లో రాసి సేవ్ చేస్తే ఏం జరుగుతుందో చూడండి. ఇఫ్ కింద ఉన్న మొదటి కాల్ (ఫంక్షన్‌ను పిలిచే లైను) చోటు సరిపోతే ఇఫ్ లైనులోనే దాని పక్కకు చేరిపోతుంది. రెండో కాల్ ఎడమకు జరిగి ఇఫ్‌తో సమానమైన అంచుకు వచ్చి నిలుస్తుంది. అది ఇఫ్‌కు బయట ఉందన్న సంగతి చదివేవారికి వెంటనే తెలిసిపోతుంది. ప్రెటియర్ మన ఖాళీలను సర్దే సాధనం కాకపోవడమే ఇందుకు కారణం. అది ఫైలును పార్స్ చేసి, అంటే భాష వ్యాకరణం ప్రకారం విడదీసి, సింటాక్స్ ట్రీని (ఏ భాగం దేనిలో ఉందో చూపే చెట్టులాంటి నిర్మాణాన్ని) నిర్మించుకుంటుంది, మనం పెట్టిన ఖాళీలను దాదాపు అన్నిటినీ వదిలేస్తుంది, కంప్యూటర్ శాస్త్రవేత్త ఫిలిప్ వాడ్లర్ ప్రతిపాదించిన ముద్రణ పద్ధతిపై ఆధారపడి ఆ ట్రీ నుంచి కోడ్‌ను మళ్లీ మొదటినుంచి రాస్తుంది. అందువల్ల ఫైలులోని ఇండెంటేషన్ పార్సర్ చూసిన నిర్మాణానికి అచ్చమైన ప్రతిబింబం అవుతుంది.

ఎడిటర్‌లో సేవ్ చేసినప్పుడల్లా ఫార్మాట్ అయ్యేలా పెట్టుకున్నవారికి దీనివల్ల మరొక లాభం ఉంది. లోతైన కాల్‌బ్యాక్‌లో (మరో ఫంక్షన్‌కు అందించే ఫంక్షన్‌లో) ఒక బ్రాకెట్ తగ్గితే పార్స్ కుదరదు కాబట్టి ప్రెటియర్ ఫైలును అసలు ముట్టుకోదు. వంకరగా టైపు చేసిన లైను సేవ్ చేసినా కదలకపోతే, ఎర్రర్ సందేశం చదవకముందే లోపం ఉందని అర్థమవుతుంది. బ్రాకెట్ల లెక్క సరిపోయి, వాటిలో ఒకటి తప్పు చోట పడినప్పుడైతే, లూప్ లోపల ఉండాలనుకున్న నాలుగు లైన్లు ఒక్కసారిగా ఎడమకు జరిగి కనిపిస్తాయి. పరీక్షలు నడిపేదాకా ఆగనక్కరలేదు.

వెడల్పు విషయానికి వస్తే, డిఫాల్ట్‌గా ఒక లైనుకు 80 అక్షరాలు, ఇండెంటేషన్‌లో ఒక మెట్టుకు 2 ఖాళీలు. ఆరు మెట్ల లోతుకు వెళ్తే 12 అక్షరాల చోటు ఇండెంటేషన్‌కే పోయి 68 మిగులుతాయి; మెట్టుకు 4 ఖాళీలు పెట్టుకుంటే మిగిలేది 56. అప్పుడు చిన్న ఫంక్షన్ కాల్ కూడా విరిగి, ప్రతి ఆర్గ్యుమెంటూ (ఫంక్షన్‌కు ఇచ్చే విలువ) ఒక్కో లైనుకు దిగిపోతుంది. చాలామంది ఇక్కడ విసిగిపోయి వెడల్పును 120కి పెంచుతారు. నేను ఆ పని చేయవద్దంటాను. లైన్లు ముక్కలవుతున్నాయంటే బ్లాకులు లోతెక్కాయని ఫైలే చెబుతోంది, వెడల్పు పెంచితే ఆ మాట వినబడకుండా పోతుంది. లినక్స్ కెర్నెల్ శైలి నియమాలు 8 అక్షరాల ట్యాబ్‌ను పట్టుకుని ఉండడం వెనుకా ఈ ఆలోచనే ఉంది. మూడు మెట్లకు మించి అవసరమైతే ప్రోగ్రామునే సరిదిద్దుకోవాలని అవి నిర్మొహమాటంగా చెబుతాయి. ఖాళీలకు బదులు ట్యాబ్‌లు వాడే సెట్టింగు ప్రెటియర్‌లోనూ ఉంది. అక్షరాలను బాగా పెద్దవి చేసుకుని చదివేవారు మెట్టు వెడల్పును తమకు వీలైనట్టు మార్చుకోగలరు కాబట్టి, బృందంలో అలాంటివారు ఉంటే ఆ సెట్టింగునే ఎంచుకోవాలి.

ఇక ప్రెటియర్ చేయని పని గురించి స్పష్టంగా చెప్పాలి: అది లోతును చూపిస్తుంది, తగ్గించదు. ఒక ఆర్డరును ఖరారు చేసే ఫంక్షన్‌ను తీసుకోండి. యూజర్ ఉన్నాడా అన్న ఇఫ్, దానిలో బుట్ట ఖాళీగా లేదా అన్న ఇఫ్, దానిలో సరుకు నిల్వ ఉందా అన్న ఇఫ్, దానిలో చెల్లింపు జరిగిందా అన్న ఇఫ్. అసలు పని అన్నిటికన్నా లోపల ఉంటుంది. నాలుగు ఎల్స్‌లు కింద వెనక్కి దిగే మెట్లలా పేరుకుంటాయి, వాటిలో మొదట కనిపించే ఎల్స్ చివరి ఇఫ్‌కు చెందినది. ప్రెటియర్ ఈ మెట్లను ఒక్క ఖాళీ తేడా లేకుండా పేరుస్తుంది, అయినా చదివేవారు పైకీ కిందికీ వెతుక్కోవలసిందే. షరతులను తిప్పి రాసి, యూజర్ లేకపోతే అక్కడికక్కడే రిటర్న్, బుట్ట ఖాళీ అయితే రిటర్న్ అంటూ పోతే ప్రతి వైఫల్యమూ దాని కారణం పక్కనే ఉంటుంది, అసలు పని మొదటి మెట్టులోకి వస్తుంది, ఎల్స్‌లు మాయమవుతాయి. ఈ మార్పును ఏ ఫార్మాటర్ చేయదు, చేయకూడదు కూడా. ప్రోగ్రాము నడిచే తీరును ముట్టుకోననే హామీ మీదే ఫార్మాటర్‌పై నమ్మకం నిలబడి ఉంది.

అందుకే దీనికి తోడుగా ఈఎస్‌లింట్ అనే కోడ్ తనిఖీ సాధనాన్ని తప్పనిసరిగా పెట్టుకోవాలి. అందులోని ‘మ్యాక్స్-డెప్త్’ నియమం డిఫాల్ట్‌గా 4 మెట్లు దాటిన బ్లాకును పట్టుకుంటుంది. నేనైతే 3కు తగ్గించమంటాను. బ్రాకెట్లు లేని ఇఫ్‌లకు ప్రెటియర్ తనంతట తాను బ్రాకెట్లు చేర్చదు కాబట్టి, వాటిని పెట్టి తీరాలనే ‘కర్లీ’ నియమం కూడా అవసరమే.

లోపాలూ ఉన్నాయి. హెచ్‌టీఎంఎల్ విషయంలో దీని ఫలితం నాకు ఎప్పుడూ తృప్తినివ్వలేదు. లైను మధ్యలో వచ్చే లింకు వంటి ట్యాగుల చుట్టూ ఉన్న ఖాళీ పేజీలో కనిపిస్తుంది కాబట్టి ప్రెటియర్ కొత్తగా ఖాళీ చేర్చదు. వాక్యం పొడవైతే ట్యాగును దాని లోపలే విరుస్తుంది. మూసే ట్యాగు చివరి కోణపు బ్రాకెట్ విడిపోయి తరువాతి లైనులో ఒంటరిగా కనిపిస్తుంది. తర్కం సరైనదే, కానీ లోతైన పేజీలో ఏ ట్యాగు ఎక్కడ ముగిసిందో చూడడానికి కళ్లు శ్రమపడతాయి. ఖాళీల పట్ల ఈ జాగ్రత్తను ఆపేసే సెట్టింగు ఉన్నా, దానితో పేజీలో మాటల మధ్య ఖాళీలు మారే ప్రమాదం ఉంది.

ఒక టెర్నరీలో (షరతును బట్టి రెండు విలువల్లో ఒకదాన్ని ఎంచే కురుచ రూపంలో) మరో టెర్నరీ ఇమిడితే కొన్నేళ్లపాటు ప్రెటియర్ ఆ గొలుసును ఇండెంటేషన్ లేకుండా ఒకే అంచున పేర్చేది. 2023 నవంబరులో వచ్చిన 3.1 వెర్షన్‌తో ఇండెంటేషన్ తిరిగి వచ్చింది. ఇది మంచి దిద్దుబాటు. రెండుకు మించి టెర్నరీలు గొలుసుకట్టు కడితే మాత్రం దాన్ని చిన్న ఫంక్షన్‌గా విడదీయడమే మేలు. ఆబ్జెక్టుల (పేరూ విలువా జతల సముదాయాల) విషయంలో ఒక మినహాయింపు తెలిసి ఉండాలి: తెరిచే బ్రాకెట్ తరువాత మనం కొత్త లైను పెట్టి ఉంటే, ఒక లైనులో పట్టే ఆబ్జెక్టునైనా అది విప్పి ఉంచుతుంది. సెట్టింగులు ఒకదానిలో ఒకటి ఇమిడిన ఫైళ్లలో ఇది వరమే.

పోల్చి చూస్తే, గో భాషతో పాటే వచ్చే గోఎఫ్ఎంటీ అనే ఫార్మాటర్ శైలి విషయంలో ఏ ఎంపికా ఇవ్వదు, లైను వెడల్పు చూసి విరవడమూ చేయదు. పైథాన్‌కు వాడే ‘బ్లాక్’ అనే ఫార్మాటర్ పరిస్థితి వేరు; ఆ భాషలో ఇండెంటేషనే వ్యాకరణం కాబట్టి, లూప్ బయట పడ్డ లైను లోపల ఉండాల్సిందేమో ఏ ఫార్మాటరూ చెప్పలేదు. పైన నేను మెచ్చుకున్న రక్షణ బ్రాకెట్లున్న భాషలకే వర్తిస్తుంది.

పాత ప్రాజెక్టులో ప్రవేశపెట్టేవారు మొత్తం ఫార్మాటింగును ఒకే కమిట్‌లో (గిట్ అనే మార్పుల నమోదు సాధనంలో ఒక్క నమోదుగా), వేరే ఏ మార్పూ కలపకుండా చేయాలి. ఆ కమిట్ గుర్తును ఒక ఫైలులో రాసి, ఏ లైను ఎవరు రాశారో చెప్పే గిట్ బ్లేమ్ ఆదేశానికి చూపిస్తే, 2.23 వెర్షన్ నుంచి గిట్ దాన్ని దాటవేసి, వీలైనంతవరకూ ప్రతి లైనునూ నిజంగా రాసినవారి పేరునే చూపిస్తుంది. కొత్తగా వచ్చే కోడ్ కోసం సర్వర్ తనిఖీల్లో, ఫార్మాట్ కాని ఫైళ్లను పట్టుకునే ‘చెక్’ ఆప్షన్‌ను పెట్టి, ఎడిటర్‌లో సేవ్ సమయపు ఫార్మాటింగును బృందమంతా ఒకే రోజున మొదలుపెట్టాలి. సగం మంది పెట్టుకుని సగం మంది వదిలేస్తే ప్రతి కమిట్‌లోనూ అక్కర్లేని ఇండెంటేషన్ తేడాలు చేరి, రివ్యూ చేసేవారికి అసలు మార్పు ఏదో కనబడదు.