జయపురంలో కొన్న సైన్స్ పెట్టె: రసాయనం బాగుంది, రాళ్లే నిరాశపరిచాయి

ఒడిశాలోని జయపురం బజారులో ఉన్న పుస్తకాల దుకాణంలో దొరికిన ఈ ప్రయోగాల పెట్టెను ఏడో తరగతి చదివే మా మేనకోడలి కోసం తీసుకున్నాను. లిట్మస్ కాగితాలు, వంటసోడా, వెనిగర్, సున్నపు పొడి, రబ్బరు గొట్టం, పరీక్ష నాళికలు, వాటితోపాటు అట్టకు అతికించిన రాళ్ల ముక్కలు ఇందులో ఉన్నాయి.

రసాయన భాగానికి పెట్టిన డబ్బు వృథా కాదు. సున్నపు పొడిని నీటిలో కలిపి, తేరిన తరువాత పైనున్న తేటను వేరు చేసుకుని, సోడా మీద వెనిగర్ పోసినప్పుడు వెలువడే కార్బన్ డయాక్సైడ్‌ను గొట్టం ద్వారా అందులోకి పంపితే తేట పాలలా తెల్లబడుతుంది. నీటిలో కరగని కాల్షియం కార్బనేట్ ఏర్పడటమే అందుకు కారణం. సూచనల పుస్తకం ఇక్కడితో ఆగిపోయింది గాని, అసలు సంగతి ఆ తరువాతే ఉంది. వాయువును ఇంకా పంపుతూ పోతే ఆ కార్బనేట్ కరిగే బైకార్బనేట్‌గా మారి ద్రవం మళ్లీ తేటపడుతుంది. దానిని మరిగిస్తే వాయువు పోయి తెలుపు తిరిగి వస్తుంది. కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకున్న వాననీరు సున్నపురాతిని కరిగించి గుహలను తొలిచేదీ, లోపల బొట్టుబొట్టుగా జారుతూ ఆ వాయువును కోల్పోయి రాతి ఊడలను పేర్చేదీ ఈ చర్యలతోనే. మన కొరాపుట్ జిల్లాలోని గుప్తేశ్వరం సున్నపురాతి గుహే గనుక, ఆ పుణ్యక్షేత్రానికి వెళ్లివచ్చిన పిల్లలకు ఈ రెండో భాగం చేసి చూపించడం ఎంతైనా అవసరం.

రాళ్ల విషయంలో తయారీదారులు శ్రద్ధ పెట్టలేదు. ఏ ఖనిజం దేనిని గీయగలదో చూపేలా 1812లో ఫ్రెడరిక్ మోస్ రూపొందించిన పది మెట్ల కాఠిన్య పట్టికను పుస్తకంలో అచ్చువేసి, ముక్కలను మాత్రం గీసి చూడటానికి వీల్లేకుండా జిగురుతో బిగించారు. గోరు కాఠిన్యం సుమారు 2.5, గాజుది 5.5, బలపపు రాయి గోటికి లొంగుతుందనీ, పలుగురాయి గాజును గీస్తుందనీ పిల్లలు చేతులతో తెలుసుకోవలసింది. బాక్సైట్‌ను ఖనిజమని రాయడం మరో పొరపాటు; గిబ్సైట్ వంటి అల్యూమినియం ఖనిజాలు కలగలిసిన శిల అది. తూర్పు కనుమలలో ఎక్కడ చూసినా కనిపించే ఖోండలైట్ ముక్క ఒక్కటీ లేకపోవడం మరీ విచిత్రం. ఆ రాయి యుగాలపాటు ఎండకూ వానకూ శిథిలమైనందువల్లే దామన్‌జోడి దగ్గరి పంచపట్‌మాలి కొండ మీద బాక్సైట్ ఏర్పడింది, కోణార్క్ ఆలయానికి వాడినదీ ప్రధానంగా ఆ రాయే. పలుగురాయి, ఖోండలైట్ రెండూ మన కొండవాలుల్లో ఊరికే దొరుకుతాయి గనుక రాళ్ల కోసమైతే ఈ పెట్టె కొనక్కరలేదు.

పుస్తకం ఇంగ్లీషు, హిందీలలో మాత్రమే ఉంది కాబట్టి చిన్న తరగతుల పిల్లల పక్కన పెద్దలు కూర్చోవాలి. సున్నపు పొడి త్వరగా అయిపోతుంది. పాన్ డబ్బాలో దొరికే తడి సున్నం కూడా అదే పదార్థం కాబట్టి దానితో పని జరుగుతుంది. అయితే సున్నం కంట్లో పడితే చూపుకే ప్రమాదం, రక్షణ కళ్లద్దాలు పెట్టెలో ఇవ్వలేదు గనుక వాటిని విడిగా కొనుక్కున్నాకే ప్రయోగం మొదలుపెట్టాలి.