సోమశిలలో బోటు మీద ఒక రాత్రి: ఐదుకు రెండున్నర

మాది మిర్యాలగూడ. ఇంటి వెనకే రైస్ మిల్లు, సీజన్‌లో రాత్రంతా నడుస్తుంది. చప్పుడంటే బెదిరే మనిషిని కాను. కానీ కృష్ణా నది మీద ప్రశాంతంగా ఒక రాత్రి అని చెప్పి మనిషికి 2,200 తీసుకున్నాక ఆ ప్రశాంతత ఇవ్వాలి కదా!

సంక్రాంతి సెలవుల్లో వనపర్తిలో ఉండే మా బావమరిది వాళ్ళతో కలిసి కొల్లాపూర్ మీదుగా వెళ్ళాం. ప్రకటనలో తెరచాప బోటు ఫోటో ఉంది. ఇచ్చింది ఇంజన్ బోటు. ముందు భాగంలో ఒక కర్ర నిలబెట్టారు, దాని మీద తువ్వాళ్ళు ఆరేసి ఉన్నాయి. సరే పోనీ అనుకున్నాం. చేపల పులుసు, జొన్నరొట్టె మాత్రం బాగున్నాయి.

చీకటి పడ్డాక లంగరు వేసి పడుకునే ఏర్పాట్లు చూస్తుంటే, అదే నిర్వాహకుడి రెండో బోటు వచ్చి మా పక్కనే ఆగింది. పదిహేను మంది కుర్రాళ్ళు, చక్రాల స్పీకరు, జనరేటరు. రాత్రిపూట నీళ్ళ దగ్గరి గాలి చల్లగా, పైగాలి వెచ్చగా ఉంటే చప్పుడు పైకి పోకుండా కిందికే వంగి వస్తుంది. దానికితోడు అవతల నల్లమల గుట్టలు. ఒక్కో పాట రెండుసార్లు విన్నాం.

"తమ్మీ, జర సౌండ్ తగ్గియ్యిండ్రి, పిల్ల పండుకుంది" అన్నాడు బావమరిది.

"అయిపాయె అన్నా, లాస్ట్ పాట."

ఆ లాస్ట్ పాట పదకొండు దాటినా అవలేదు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్ స్పీకర్ పెట్టకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లోనే ఉంది. కానీ ఇటు ఒడ్డు తెలంగాణ, అటు ఒడ్డు ఆంధ్ర. ఏటి నడుమ ఏ స్టేషన్‌కి ఫోన్ చేస్తాం? నిర్వాహకుడు ఫోన్ ఎత్తలేదు.

మా బోటు నడిపే పెద్దాయన టెన్షన్ వేరే. "వాళ్ళు తాడు పొట్టిగ ఇడిసిన్రు సార్, మనది పొడుగుంది. గాలి మర్లితే పోయి వాళ్ళకే తగుల్తం. కొట్లాడుడెందుకు, మనమే జరుగుదాం" అన్నాడు. టార్చి నా చేతికిచ్చి, బురద కారుతున్న లంగరును ఒక్కడే పైకి లాగాడు. మూడొందల మీటర్ల అవతల, గుట్ట మలుపు చాటున మళ్ళీ వేశాడు. లోతుకు ఐదింతలైనా తాడు వదలాలట. వదిలాక బిగిసిన తాడు మీద అరచెయ్యి ఆనించి కాసేపు కదలకుండా కూర్చున్నాడు. తాడు వణికిందంటే అడుగున లంగరు జారుతున్నట్టేనట. వణకలేదు.

అక్కడికి దబ్ దబ్ ఒక్కటే సన్నగా వినిపించింది, మా మిల్లు కన్నా నయం. పిల్ల మళ్ళీ నిద్రపోయింది.

ఆ రెండున్నర మార్కులూ పెద్దాయనవే. నిర్వాహకుడికి సున్నా. మీరు వెళ్తే ఆ రాత్రి ఇంకెన్ని బోట్లు ఆగుతాయో, జనరేటరు ఉంటుందో లేదో అడిగాకే అడ్వాన్స్ కట్టండి. సగం డబ్బులు వెనక్కి అడిగాను, "చూద్దాం సార్" అన్నాడు. ఇరవై రోజులైంది, ఇంకా చూస్తూనే ఉన్నాడు.