గుంటూరులో మిర్చి కూలీల సర్వే చేయించేవాళ్లూ, అడ్వాన్సు ఇచ్చేముందు ఇది చదవండి

నా సర్వే చేసిపెట్టింది ఏ ఏజెన్సీ అని అడక్కండి. ఎన్జీవోల్లో, పీహెచ్‌డీల్లో ఉన్నవాళ్లకి ఆ "ఫీల్డ్ సంగతి మాకొదిలేయండి సార్" గొంతు బాగా తెలుసు. యార్డు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల్లో మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ల సర్వే. 240 మంది, 62 ప్రశ్నలు, ఫారానికి 350 రూపాయలు, 60 శాతం ముందే. అంటే 50,400 పోయాయి. పోతే పోనీ.

నిన్న సాయంత్రం డేటా వచ్చింది. ఎక్సెల్ తెరిస్తే మొదటి కాలమ్ పేరు, రెండోది ఫోన్ నంబరు, మూడోది షెడ్డు. అదే వరుసలో కుడికి జరుపుకుంటూ పోతే "సూపర్‌వైజర్ ఎప్పుడైనా చెయ్యి వేశాడా" అన్నదానికి "అవును" అని ఉంది. పైగా ఫైలు మెయిల్లో రాలేదు, వాట్సాప్ గ్రూపులో పెట్టాడు ఏజెన్సీ మహానుభావుడు. షెడ్డుల్లోకి పర్మిషన్ ఇప్పించారని ఇద్దరు సూపర్‌వైజర్లని కూడా ఆ గ్రూపులో చేర్చాడు! ఫోన్ చేసి తీసెయ్యమంటే ఏమన్నాడో తెలుసా? "కూలోళ్లే కదండీ, వాళ్లకేం ప్రైవసీ?" పదకొండు నిమిషాలకి తీశాడు. అప్పటికే ఎవరైనా దించుకుని వేరేచోట దాచుకునుంటే అది పోదు.

ఆ రాత్రి కూర్చుని తక్కిన డేటా చూస్తే ఇంకా ఉంది. కోబోలో (సర్వే ఫారాలు ఫోన్లో నింపే యాప్) ఫారం మొదలైన టైము, ముగిసిన టైము వాటంతటవే పడతాయి. 62 ప్రశ్నలకి తక్కువలో తక్కువ పాతిక నిమిషాలు. ఇక్కడ నాలుగు నిమిషాల ఫారాలు ముప్ఫై పైనే. జీపీఎస్ పాయింట్లన్నీ షెడ్డు ఆఫీసు గది మీదే గుమిగూడాయి. మేస్త్రి కుర్చీ ఉండేది అక్కడే. వాడి అడ్వాన్సు బాకీ ఉన్న మనిషి వాడి ఎదుట "ఇబ్బందులేం లేవండి" అనక ఇంకేమంటుంది?

అన్నిటికన్నా ఒళ్లు మండించింది నాణెం. వేధింపుల ప్రశ్నకి రూపాయి బిళ్ల పద్ధతి పెట్టాం. 1965లో వార్నర్ అనే గణాంకవేత్త మొదలెట్టిన ఆలోచనకి ఇది తేలిక రూపం. ఆమె బిళ్ల ఎగరేసుకుని తనొక్కతే చూసుకోవాలి. బొమ్మ పడితే ఏదున్నా "అవును" అనాలి, బొరుసు పడితే నిజం చెప్పాలి. 240లో సుమారు 120 ఉత్త "అవును"లు. మొత్తం 150 వస్తే మిగతా 30 బొరుసు పడ్డ 120 మందివి, అంటే పాతిక శాతం. ఎవరు నిజం చెప్పారో అడిగినవాడికీ తెలియకూడదు. మన సర్వేయర్లు బిళ్ల వాళ్లే ఎగరేసి, వాళ్లే చూసి, "బొరుసు" అని ఫారంలో టిక్కు కూడా కొట్టారు. ఇంత తెలివి దాచుకోవడం కష్టం.

తప్పు నాదీ ఉంది. ట్రైనింగుకి రెండు రోజులడిగితే ఒక్కపూట చాలన్నాడు, సరేనన్నాను. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, పని ఎవరిచేత చేయించినా డేటా తీయించుకున్నవాళ్లదే బాధ్యత అని ఉంది. పరిశోధనకి మినహాయింపు ఉన్నా, ఒక మనిషి మీద నిర్ణయం తీసుకోడానికి ఆ డేటా వాడకూడదన్న షరతుతోనే. ఈ ఫైలు చూసి రేపెవరినైనా పనిలోంచి తీసేస్తే?

అడ్వాన్సు ఇచ్చేముందు ఇవి కాగితం మీద రాయించుకోండి. ఫారంలో కోడ్ మాత్రమే, పేరు-నంబరు వేరే ఫైలులో, తాళం మీ దగ్గర. ఇంటర్వ్యూ ఇంటి దగ్గర, సాయంత్రం, ఆడ సర్వేయర్‌తో. పదిలో ఒకరికి మీ మనిషే మళ్లీ ఫోన్ చేసి సరిచూడాలి. ఆడియో తీస్తే దానికీ అనుమతి అడగాలి. ఇంకొకటి, పేరు తీసేస్తే సరిపోదు. ఒక షెడ్డులో యాభై దాటిన వితంతువు ఒక్కరే ఉంటే వయసు, షెడ్డు చూసి అక్కడివాళ్లెవరైనా గుర్తుపట్టేస్తారు. వయసు పదేళ్ల గుంపులుగా కలపండి, పట్టికలో ఐదుగురికి తక్కువున్న గడి రిపోర్టులో వేయకండి.

ఇలా బయటపడ్డాక ఆ ఆడవాళ్లకి చెప్పాలి, మేస్త్రి ద్వారా కాదు, ఇంటింటికీ వెళ్లి. రేపట్నుంచి ఆ పనే. ఈలోగా ఆయనగారు మిగతా 40 శాతానికి బిల్లు పంపారు, జీఎస్టీ కలిపి.