పెంగ్విన్ ప్రాజెక్టు కోసం చెన్నై వెళ్తే

మా అక్క కొడుకు ఎనిమిదో తరగతి. స్కూల్లో వాడికి ఇచ్చిన ప్రాజెక్టు "ధ్రువ ప్రాంతాల పక్షులు, మారుతున్న వాతావరణం". "మామా, చెన్నైలో మంచు పార్కు ఉందట, పెంగ్విన్లుంటాయట, తీసుకెళ్లవా" అని పట్టుకున్నాడు. నాకూ పక్షుల పిచ్చి ఉంది కాబట్టి ఫిబ్రవరిలో రెండో శనివారం, ఆదివారం కలిపి నెల్లూరులో పినాకిని ఎక్కేశాం.

ముందు బస సంగతి. మొదటి రాత్రి ఎగ్మోర్‌లో ఒక లాడ్జి, పద్నాలుగు వందలు. స్టేషన్‌కి దగ్గరన్న మాట నిజమే. రాత్రంతా రైలు కూతలు మన మంచం కిందే వినిపించేంత దగ్గర. వేడినీళ్లు ఉదయం ఏడు తర్వాతే వస్తాయన్నారు. పక్షుల కోసం వెళ్లేవాడు ఐదింటికే లేవాలి, ఇక వేడినీళ్లతో పనేముంది! మర్నాడు వేళచ్చేరిలో ఒక సర్వీస్ అపార్ట్‌మెంట్‌కి మారాం. రెండు వేల రెండొందలైంది గానీ గ్యాస్ స్టవ్ ఉంది, కాపలా ఆయనకి తెలుగు వచ్చు. పక్షులు చూడాలనుకుంటే మొదటి రాత్రి నుంచే వేళచ్చేరిలో దిగండి. సెంట్రల్ ఎదురుగా పార్క్ టౌన్ స్టేషన్లో లోకల్ రైలు ఎక్కితే నేరుగా వేళచ్చేరిలోనే దిగొచ్చు. ట్రాఫిక్ టెన్షన్ లేదు.

మంచు పార్కు ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద ఉంది. ఇద్దరికీ వెయ్యికి పైనే అయింది. అద్దెకిచ్చిన కోటు ఎవరి చెమటతోనో తడిగా ఉంది, లోపల సినిమా పాటల హోరు. పెంగ్విన్లు ఉన్నాయి, ప్లాస్టిక్‌వి. వాటి పక్కనే ఒక ప్లాస్టిక్ తెల్ల ఎలుగుబంటి. పెంగ్విన్ ఉండేది దక్షిణాన, ఆ ఎలుగు ఉండేది ఉత్తరాన, రెండూ ఎదురుపడే అవకాశమే లేదని చెబితే మావాడు అక్కడున్న గైడ్‌తో వాదనకి దిగాడు. పది నిమిషాలకే వాడికి చలేసి బయటకొచ్చేశాం. చిన్నపిల్లలకి సరదాగా ఉంటుందేమో, నాకైతే డబ్బు దండగ అనిపించింది.

బయట టీ తాగుతూ వాడి నోట్‌బుక్ చూశాను. "మంచు కరుగుతోంది, పెంగ్విన్లు చనిపోతున్నాయి" అని ఒక్క వాక్యంలో తేల్చేశాడు. అది సగం నిజమే. ఎంపరర్ పెంగ్విన్ సముద్రం మీద గడ్డకట్టి ఒడ్డుకి అతుక్కున్న మంచు మీదే పిల్లల్ని పెంచుతుంది. పిల్లలకి నీళ్లు అంటని ఈకలు రాకముందే ఆ మంచు విరిగిపోతే మునిగో, చలికి బిగుసుకునో చనిపోతాయి. 2022లో అంటార్కిటికాలో బెల్లింగ్స్‌హాసెన్ సముద్రం పక్కనున్న ఐదు కాలనీల్లో నాలుగింటిలో పిల్లలేవీ బతికినట్టు లేదని ఉపగ్రహ చిత్రాలు చూసినవాళ్లు తేల్చారు. కానీ అంటార్కిటికా ద్వీపకల్పం పడమటి వైపు అడెలీ పెంగ్విన్లు తగ్గిన చోటే జెంటూ పెంగ్విన్లు పెరుగుతున్నాయి, ఎందుకంటే వాటికి మంచు తక్కువగా ఉన్న సముద్రం కావాలి. ఒకరికి నష్టమైంది ఇంకొకరికి లాభం. వాడు నోట్‌బుక్‌లో ఆ వాక్యం కొట్టేసి, "మామా, మరి నిజం పక్షుల్ని ఎక్కడ చూస్తాం" అన్నాడు.

మర్నాడు ఉదయం ఆరున్నరకి పళ్ళికరణై చిత్తడి నేల దగ్గర ఉన్నాం. వేళచ్చేరి నుంచి ఆటో. మీటర్ అంటే ఆయన నవ్వాడు, ఇక బేరం తప్పలేదు. ఈ చిత్తడిని 2022లో రామ్‌సర్ జాబితాలో, అంటే ప్రపంచ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల జాబితాలో చేర్చారు, సుమారు 1,247 హెక్టార్లు. ఒకప్పుడు దీనికి ఎన్నో రెట్లు ఉండేదట. ఓ పక్క ఐటీ ఆఫీసులు, ఇంకో పక్క పెరుంగుడి చెత్త కుప్పలు. గాలి అటు నుంచి తిరిగిందంటే ముక్కు మూసుకోవాల్సిందే. కూర్చోడానికి నీడ లేదు, టాయిలెట్ దొరకలేదు, తినడానికి కొనుక్కుందామంటే దగ్గర్లో ఏమీ లేదు. సౌకర్యాలకి మార్కులేస్తే పదికి రెండు. అయినా మా రెండు రోజుల్లో గొప్ప చోటు ఇదే.

ఫిబ్రవరికి నీళ్లు తగ్గి బురద బయటపడుతుంది. ఆ బురద మీదే మాకు కావలసినవాళ్లు దొరికారు. రాజహంసలూ గూడబాతులూ దూరం నుంచే కనిపిస్తాయి, అందరూ వాటికే ఫోన్లు ఎత్తుతారు. మీరు కాస్త కిందికి చూడండి. బూడిద రంగులో, కొద్దిగా వంగిన ముక్కుతో, బురదలో కుట్టుమిషన్‌లా టకటకా పొడుస్తూ ఉంటుంది కర్లూ శాండ్‌పైపర్. ఉల్లంకి జాతి. బరువు అరవై గ్రాముల చుట్టూ, అంటే మన కోడిగుడ్డంత. గుడ్లు పెట్టేది మాత్రం సైబీరియా ఉత్తర కొసన, చెట్లు మొలవని ఆర్కిటిక్ టండ్రాలో.

నిజం చెప్పాలంటే ఇది పెంగ్విన్‌లా సముద్ర పక్షి కాదు, ఒడ్డు పక్షి. కానీ ధ్రువం దగ్గర జరిగేది మన ఊళ్లో కంటికి కనపడాలంటే ఇంతకంటే మంచి సాక్షి దొరకదు. దీని కథ లెమ్మింగ్ అనే ఎలుకలాంటి జంతువుతో ముడిపడి ఉంది. లెమ్మింగ్‌లు బాగా ఉన్న ఏడాది ఆర్కిటిక్ నక్కలు వాటిని తిని ఊరుకుంటాయి. లేని ఏడాది ఈ పక్షుల గుడ్ల మీదా పిల్లల మీదా పడతాయి. లెమ్మింగ్‌లు చలికాలమంతా మంచు కింద సొరంగాల్లో బతుకుతాయి. వేడి పెరిగి మంచు మీద వాన పడితే అది గట్టి పెంకులా బిగుసుకుని, కింద వాటికి మేత అందదు. పైగా మంచు ముందే కరిగితే పురుగులూ ముందే పుట్టి పోతాయి, గుడ్డు నుంచి బయటపడే పిల్లకి తిండి సమయానికి ఉండదు. దారిలో దిగే బురద నేలలు కూడా పోతున్నాయి. 2024లో ఈ పక్షిని ముప్పున్న జాతుల్లో చేర్చారు. ఇదంతా చెబుతుంటే మావాడు లెక్కపెడుతూనే ఉన్నాడు. నలభై ఒకటి అన్నాడు. నాకు ముప్పై ఆరే వచ్చాయి.

తిరిగి వచ్చేటప్పుడు వేళచ్చేరి - తాంబరం రోడ్డు మీద జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ బోర్డు చూపించాను. లోపలికి వెళ్లే వీలు లేదు, బోర్డే మా యాత్రలో భాగం. ఈ సంస్థ వాళ్లు మిగతా సంస్థలతో కలిసి తయారుచేసిన ఇండార్క్ అనే పరికరాల వరుసని 2014 జూలైలో ఆర్కిటిక్‌లో నార్వేకి చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో, కాంగ్స్‌ఫ్యోర్డెన్ అనే ఫ్యోర్డ్‌లో (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపాయ), 192 మీటర్ల లోతులో దించారు. నీటి వేడి, ఉప్పదనం కొలుస్తుంది. మన దేశపు ఆర్కిటిక్ పరిశోధన కేంద్రం హిమాద్రి కూడా ఆ ఒడ్డునే, 2008 నుంచి. ఆ ఫ్యోర్డ్‌లోకి ఇప్పుడు అట్లాంటిక్ వెచ్చని నీళ్లు ఎక్కువగా చొరబడుతున్నాయి. వాటితో పాటు చిన్న, కొవ్వు తక్కువ కోపెపాడ్‌లు (రొయ్యల్లాంటి బుల్లి నీటి జీవులు) వస్తున్నాయి. అక్కడి లిటిల్ ఆక్ అనే చిన్న సముద్ర పక్షి తన పిల్లకి చల్లటి నీళ్లలో పెరిగే కొవ్వున్న కోపెపాడ్‌లు తెచ్చిపెట్టాలి. గడ్డపెరుగు అలవాటైన బిడ్డకి నీళ్ల మజ్జిగ పోసినట్టు ఇప్పుడు. ఎన్ని ఎక్కువసార్లు తెచ్చినా కడుపు నిండదు, మంచి మేత కోసం ఇంకా దూరం ఎగరాలి. పళ్ళికరణైలో తయారైన ఆలోచన అక్కడి నీళ్లని కొలుస్తోంది, ఆర్కిటిక్ టండ్రాలో పుట్టిన పక్షి ఈ బురదని పొడుస్తోంది. ఆ సంస్థకీ ఈ బురదకీ మధ్యలో ఒక బస్‌స్టాప్.

పులికాట్‌కి కూడా వెళ్లాం, కారుకి మూడు వేల పైచిలుకు. పక్షులు ఎక్కువే గానీ చాలా దూరంగా ఉన్నాయి. పడవ ఎక్కలేదు, 2011 క్రిస్మస్ నాటి ప్రమాదం గుర్తుంది. డచ్చివాళ్ల సమాధులు చూసి, చేపల పులుసు తిని వచ్చేశాం. పిల్లలతో ఒక్కరోజే ఉంటే పులికాట్ వదిలేయండి.

ఏప్రిల్ మొదటి వారానికి మళ్లీ టికెట్లు తీశాను. కర్లూ శాండ్‌పైపర్లు ఉత్తరానికి వెళ్లిపోయే ముందు వాటి రొమ్ము ఇటుక ఎరుపుకి తిరుగుతుంది, మావాడికి అది చూపించాలి. ఎండ ఎక్కువ కాబట్టి ఈసారి గొడుగు, రెండు లీటర్ల నీళ్లు, ఇంటి నుంచి పులిహోర. గది వేళచ్చేరిలోనే.